చట్టం రాయని ఏడాది: అమెరికా ఓపీటీ సింహావలోకనం

అమెరికా వలస చట్టాన్ని మొదటి సెక్షన్ నుంచి చివరి సెక్షన్ దాకా తిరగేసినా ఓపీటీ అన్న మాట దొరకదు. ఆప్షనల్ ప్రాక్టికల్ ట్రైనింగ్ అని పూర్తి పేరుతో వెతికినా అంతే. దాన్ని నెలకొల్పుతూ అక్కడి కాంగ్రెస్ ఎన్నడూ ఓటు వేయలేదు. అయినా 2024-25 విద్యా సంవత్సరంలో ఆ ఏర్పాటు కింద అమెరికాలో ఉన్న విదేశీ పట్టభద్రులు 2,94,253 మంది అని ఓపెన్ డోర్స్ నివేదిక లెక్క చెప్పింది. వాళ్లలో దాదాపు సగం మంది మన దేశం వాళ్లే. అందులో తెలుగువాళ్ల వాటా ఎంతో ఆ నివేదిక విడదీసి చెప్పదు గానీ, డాలస్‌లోనో ఎడిసన్‌లోనో శనివారం సాయంత్రం ఇండియన్ గ్రోసరీ స్టోరుకు వెళ్లినవాళ్లకు ఆ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు.

పిల్లవాణ్ణి ఎమ్మెస్‌కు పంపే ఇంట్లో లెక్క ఎలా వేస్తారో అందరికీ తెలుసు. ఫీజు ఇంత, ఖర్చులు ఇంత, బ్యాంకు అప్పు ఇంత, పొలం మీద తెచ్చింది ఇంత. తీర్చేది ఎప్పుడు? ఓపీటీలో. స్టెమ్ కోర్సయితే మూడేళ్లు. ఆ మూడేళ్లు డిగ్రీతో పాటే వచ్చే ఆస్తి అన్నట్టు ఇంట్లో మాట్లాడుకుంటారు, కన్సల్టెన్సీవాళ్లు అలాగే అమ్ముతారు, అమెరికా యూనివర్సిటీలు కూడా కాస్త మర్యాదగా అదే పని చేస్తాయి. నిజానికి అది ఒక ప్రభుత్వ శాఖ నిబంధన. రాసినవాళ్లు అధికారులు, పెంచినవాళ్లు అధికారులు. తీసేయాలన్నా చాలావరకు వాళ్లే చాలు. ఇంత పలచని పునాది డెబ్బై తొమ్మిదో ఏట కూడా ఎలా నిలిచి ఉందో, దాని మీద మనవాళ్లు ఇంత బరువు ఎలా వేశారో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఓపీటీ లేని కాలంలో అమెరికాకు చదువుకు వెళ్లిన ఒక తెలుగువాడి కథ మనకు బాగా తెలిసిందే, ఈ కోణం నుంచి చదవం, అంతే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరారు. దారి ఖర్చులకు కొంత మామగారు కూడబెట్టి ఇచ్చారు, కొంత కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆదుకుంది. మామగారి డబ్బుతో అమెరికా వెళ్లే ఆచారానికి మన దగ్గర వందేళ్ల వయసుందన్నమాట. మదరాసు మెడికల్ కాలేజీలో చదివి వచ్చిన ఆ మనిషి పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేరి, రోగుల మంచాల కింద పాత్రలు తీసి కడిగారు. అప్పటి అమెరికా చట్టాలు ఆసియావాళ్లను ఆదరించేవి కావు. 1917 చట్టం మన ప్రాంతాల నుంచి కూలీల వలసను నిషేధించింది, విద్యార్థులను మాత్రం మినహాయించింది. 1923లో భగత్ సింగ్ తింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం పొందే అర్హతే లేదంది. 1924 చట్టం విద్యార్థులను కోటాకు బయటి వర్గంగా గుర్తించింది. చదువుకోండి, వెళ్లిపోండి అన్నదే దాని సారాంశం. సుబ్బారావు వెళ్లలేదు. 1930లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ, 1940 నుంచి లెడర్లీ ప్రయోగశాలలు, ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్. 1946లో లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వ అర్హత కల్పించి, ఏటా 100 మందికి వలస కోటా ఇచ్చింది. ఆయన ఆ పౌరసత్వం తీసుకోకుండానే 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

అంతకు ఏడాది ముందు, 1947 ఆగస్టు 7న, మనం ఇక్కడ జెండా ఎగరేయడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, అమెరికా ఇమిగ్రేషన్ శాఖ విద్యార్థుల నిబంధనలను సవరించి ప్రచురించింది. యుద్ధం ముగిసింది, నానా దేశాల నుంచి విద్యార్థులు వస్తున్నారు. చదువులో భాగంగా ప్రత్యక్ష అనుభవం అవసరమనో, ఉంటే మంచిదనో కాలేజీ సిఫారసు చేస్తే ఆరు నెలలు పని చేసుకోనివ్వవచ్చనీ, మరో రెండుసార్లు ఆరేసి నెలల చొప్పున పొడిగించవచ్చనీ అందులో ఉంది. మొత్తం 18 నెలలు. వెనకున్న ఆలోచన మంచిదే. వంతెన గీయడం పుస్తకంలో నేర్చుకున్నవాడు నాలుగు రోజులు కట్టే చోట కూడా ఉండి, ఆ అనుభవంతో తన దేశం వెళ్లి కట్టుకుంటాడు. వెళ్తాడన్న నమ్మకమే దానికి ఆధారం.

1952లో మెకారన్-వాల్టర్ చట్టం వచ్చింది. ఈనాటి ఎఫ్-1 విద్యార్థి వీసా వర్గానికి పుట్టుక అక్కడే. స్వదేశంలో నివాసం ఉన్నవాడు, దాన్ని వదులుకునే ఉద్దేశం లేనివాడు, కేవలం చదువు కోసం తాత్కాలికంగా వచ్చేవాడు అన్నది విద్యార్థికి అది ఇచ్చిన నిర్వచనం. హైదరాబాద్ కాన్సులేట్ కిటికీ దగ్గర ముప్పై సెకన్లలో చేతికొచ్చే 214(బి) తిరస్కరణ చీటీ కూడా ఆ చట్టం సంతానమే. చదువయ్యాక పని సంగతి మాత్రం అందులో ఒక్క ముక్క లేదు. ఇస్తామనీ లేదు, ఇవ్వకూడదనీ లేదు. కాంగ్రెస్ ఆ మౌనాన్ని ఇంతవరకు వీడలేదు. అప్పటికే నడుస్తున్న ప్రాక్టికల్ ట్రైనింగ్‌ను శాఖ అలాగే నడుపుకుంటూ పోయింది. దరిమిలా ఎన్నోసార్లు వలస చట్టాన్ని సవరించిన కాంగ్రెస్ దాని జోలికి పోలేదు. వద్దనకపోవడమే ఒప్పుకోవడమా అన్న ప్రశ్న కోర్టు మెట్లెక్కడానికి మరో అరవై ఏళ్లు పట్టింది.

1965 నుంచి 1990 దాకా ఈ కథలో చెప్పుకోదగ్గ మలుపులు తక్కువ, కారణం సులువు. 1965 చట్టం దేశాలవారీ పాత కోటాలను ఎత్తేసింది. ఉస్మానియా, ఆంధ్రా, గుంటూరు వైద్య కళాశాలల పట్టభద్రులు, ఇంజనీర్లు వెళ్తే వాళ్లకు గ్రీన్‌కార్డు పెద్ద బ్రహ్మవిద్య కాదు. చదువు, కొన్నాళ్ల ప్రాక్టికల్ ట్రైనింగ్, ఉద్యోగం, శాశ్వత నివాసం ఒకదాని వెంట ఒకటి వచ్చేసేవి. 1970ల చివర తానా పెట్టిన తరం అదే. ట్రైనింగ్ గడువు ఎంత అన్నది వాళ్ల ఇళ్లలో చర్చకు వచ్చే సంగతే కాదు. ఈనాటికీ ఆ పెద్దలు కుర్రాళ్లను చూసి, మేం రాలేదా, మాకు లేని గొడవ మీకెందుకురా అనడం వింటుంటాం. వాళ్లు పడ్డ కష్టం నిజమే, అది వేరే కష్టం.

1990 చట్టం హెచ్-1బీ అన్న తాత్కాలిక ఉద్యోగ వీసా వర్గాన్ని తెచ్చి, ఏడాదికి 65,000 అని హద్దు గీసింది. మొదట్లో ఆ హద్దు నిండేదే కాదు. 1992 జూలైలో ఇమిగ్రేషన్ శాఖ ప్రాక్టికల్ ట్రైనింగ్‌ను రెండుగా చీల్చింది. కోర్సులో భాగంగా చేసేది సీపీటీ, కోర్సుకు అనుబంధంగా, మామూలుగా చదువయ్యాక చేసేది ఓపీటీ, గడువు 12 నెలలు. మనం వాడే పేరు, మనం లెక్కపెట్టే ఏడాది అక్కడివే. మే నెలలో పట్టా, ఏడాది ఓపీటీ, ఆలోగా కంపెనీ హెచ్-1బీ వేస్తుంది, వస్తుంది. సరిపోయేది.

సరిపోవడమేమిటి, వైటూకే రోజుల్లో అసలు అమెరికాలో చదవకుండానే వెళ్లేవారు. కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ అంటూ అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ గోడలన్నీ పోస్టర్లతో నిండిపోయింది అప్పుడే. ఆ గుంపు మీద మంచి పుస్తకం రాసింది తెలుగువాడు కాదు, షియాంగ్ బియావ్ అనే చైనా మానవశాస్త్రవేత్త. సిడ్నీలోనూ మన జిల్లాల్లోనూ తిరిగి, బాడీషాపింగ్ వ్యాపారానికి పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తోందని వెతుకుతూ పోయి కట్నాల దగ్గర తేలాడు. 2007లో వచ్చిన ఆ పుస్తకంలో మన ఇళ్ల సంగతులు చదువుతుంటే తల దించుకోవాలో ఔరా అనాలో తెలియదు. ఆ గిరాకీ చూసే కాంగ్రెస్ 1998లో హెచ్-1బీ హద్దును 1,15,000కు, 2000లో 1,95,000కు పెంచింది. మూడేళ్లు నడిచాక, 2003 అక్టోబరులో అది మళ్లీ 65,000కు పడిపోయింది. అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000 ఇచ్చే చట్టం 2004 చివర వచ్చింది. ఆ తర్వాత ఇవాళ్టి దాకా ఆ అంకె కదల్లేదు. మన కథకు సంబంధించినంత వరకు అన్ని పితలాటకాలకూ మూలం అదే.

నడుమ 2001 సెప్టెంబరు 11 ఉంది. దాడి జరిగిన ఆరు నెలలకు, 2002 మార్చిలో, విమానాలు నడిపిన ఇద్దరు హంతకుల పేరిట విద్యార్థి హోదా మంజూరు పత్రాలు ఫ్లోరిడాలోని పైలట్ శిక్షణ పాఠశాలకు పోస్టులో చేరాయి. చనిపోయినవాళ్లకు వీసా పంపిన శాఖగా ఇమిగ్రేషన్ శాఖ నవ్వులపాలైంది. ఏడాది తిరక్కుండా ఆ శాఖనే రద్దు చేసి, పనులన్నీ కొత్తగా పెట్టిన హోంల్యాండ్ సెక్యూరిటీకి అప్పగించారు. 2003 నుంచి విద్యార్థులందరి వివరాలూ సెవిస్ అనే కంప్యూటర్ వ్యవస్థలోకి ఎక్కాయి. ఎక్కడ ఉంటున్నాడు, ఎన్ని క్రెడిట్లు తీసుకున్నాడు, ఎక్కడ పనిచేస్తున్నాడు, అన్నీ. అంతకుముందు విద్యార్థి అంటే కాలేజీ విదేశీ విద్యార్థుల కార్యాలయంలో ఒక ఫైలు. ఆ తర్వాత ఒక అధికారి మీట నొక్కితే ఆగిపోయే రికార్డు.

2007 ఏప్రిల్‌లో హెచ్-1బీ దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టిన రెండు రోజుల్లోనే లక్షా ఇరవై వేలు దాటాయి. లాటరీ తీశారు. అప్పటిదాకా ఉద్యోగం దొరికితే వీసా దొరికినట్టే. ఇక మీదట ఉద్యోగం దొరికినా చీటీలో పేరు రావాలి. పైగా ఓపీటీ ఏ జూన్‌లోనో జూలైలోనో ముగిసేది, హెచ్-1బీ అక్టోబరు 1 నుంచి గానీ మొదలుకాదు. నడుమ నెలలకు ఆధారం లేదు. 2008 మార్చిలో బిల్ గేట్స్ ప్రతినిధుల సభ కమిటీ ముందుకొచ్చి, మా యూనివర్సిటీల్లో చదువు చెప్పి మేమే బయటకు తోలేస్తున్నాం అని మొత్తుకున్నారు. హద్దు పెంచడం కాంగ్రెస్ చేతిలో పని, కాంగ్రెస్‌లో అది జరగదు. బుష్ ప్రభుత్వం తన చేతిలో ఉన్నదాన్ని సాగదీసింది. 2008 ఏప్రిల్ 8న ప్రచురించిన నిబంధనతో సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు (స్టెమ్) చదివినవాళ్లకు ఓపీటీ మీద మరో 17 నెలలు వచ్చాయి. ఉద్యోగి పని అర్హతను సరిచూసే ఇ-వెరిఫై వ్యవస్థలో యజమాని చేరి ఉండాలి. లాటరీలో పేరొచ్చినవాడికి అక్టోబరు దాకా మధ్యకాలం పొడిగింపు. మొదటి పన్నెండు నెలల్లో ఖాళీగా ఉండే రోజులు 90కి మించకూడదు.

ముందు ఓపీటీ ఇంటి అరుగు లాంటిది. వీధిలో లేవు, ఇంట్లోనూ లేవు, కాసేపు కూర్చుంటే లోపలికి పిలుస్తారు. 2008లో అరుగును వెడల్పు చేశారు గానీ తలుపును అలాగే ఉంచారు. కూర్చునేవాళ్లు పెరిగారు, కూర్చునే కాలం పెరిగింది, లోపలికి పిలుపు మాత్రం చీటీలపాట అయింది.

సరిగ్గా ఆ సమయానికి ఇక్కడ నేల సిద్ధంగా ఉంది. వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008లో తెచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజనీరింగ్ కాలేజీలు వీధికొకటిగా పుట్టాయి. రైతు కొడుకు, ఆటో డ్రైవరు కూతురు బీటెక్ చదివారు. అది చిన్న సంగతి కాదు, దాన్ని వెక్కిరించేవాళ్లతో నాకు పేచీ ఉంది. కానీ అన్ని పట్టాలకు సరిపడా కొలువులు ఇక్కడ లేవు. బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచాక వీసాకు చెన్నై బండెక్కే పని తప్పింది. చిలుకూరు బాలాజీ అప్పటికే వీసా బాలాజీ. మొక్కుకు పదకొండు, తీరాక నూట ఎనిమిది ప్రదక్షిణలు. కాంగ్రెస్ చేయలేని పనిని ఒక నిబంధన చేసింది, ఒక రాష్ట్ర పథకం దానికి జనాన్ని అందించింది. ఈ రెండూ ఒకదాని గురించి ఒకటి ఎరగవు.

ఆ 90 రోజుల షరతు సంగతి కొంచెం ఆగి చూడాలి. ఉద్దేశం సబబే, ట్రైనింగ్ అని ఇచ్చిన కాలంలో ఊరికే తిరగకూడదు. ఆచరణలో ఏమైందంటే, ఈఏడీ అనే పని అనుమతి కార్డు మీద తేదీ మొదలైన రోజు నుంచి ప్రతి కుర్రాడి నెత్తి మీద ఒక గడియారం పెట్టినట్టయింది. డెబ్బయ్యో రోజు వచ్చేసరికి ఎవరు ఆఫర్ లెటర్ ఇస్తామంటే వాళ్లకు నమస్కారం. అలా లెటర్లు ఇచ్చే కన్సల్టెన్సీలు పుట్టుకొచ్చాయి, వాటిలో చాలా మటుకు మనవాళ్లవే. గెస్ట్‌హౌస్‌లో గదికి నలుగురు, హాల్లో పరుపుల మీద ఇంకో నలుగురు. నిన్న పట్టా పుచ్చుకున్న పిల్లవాడి రెజ్యూమెలో ఏడేళ్ల అనుభవం. మార్కెటింగ్ చేసేది హైదరాబాద్‌లో రాత్రి షిఫ్ట్ కూర్చున్న మరో పిల్లవాడు. ఫోన్ ఇంటర్వ్యూలో గొంతు ఒకరిది, పేరు ఒకరిది. ప్రాజెక్టు దొరికే దాకా బెంచ్, బెంచ్ మీద జీతం లేదు, కాగితం మీద ఉద్యోగం ఉంది. నిజాయితీగా కష్టపడి మంచి కంపెనీలో చేరినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఈ దారిలో నడిచినవాళ్లూ వేలల్లోనే ఉన్నారు. రెండో మాట మన సభల్లో ఎవరూ అనరు.

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేశారు. దాదాపు 1,500 మంది విద్యార్థులు, నూటికి తొంభై అయిదుగురు భారతీయులు, అందులో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. రికార్డుల ప్రకారం సగానికి పైగా విద్యార్థుల చిరునామా సన్నీవేల్‌లోని ఒకే ఒక అపార్ట్‌మెంట్. నిజానికి వాళ్లు దేశమంతా చెదిరి, చేరిన మొదటి రోజు నుంచే సీపీటీ పేరుతో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. కొందరు కుర్రాళ్ల చీలమండలకు జీపీఎస్ పట్టీలు కట్టారు. ప్యాంటు కింద ఉబ్బుగా కనపడే ఆ నల్ల పట్టీ ఫొటోలు ఇక్కడి టీవీల్లో రోజుల తరబడి తిరిగాయి. పశువులకు వేసినట్టు ట్యాగులా అని దేశం మండిపడింది, విదేశాంగ మంత్రి ఎస్.ఎం. కృష్ణ నిరసన తెలిపారు. యూనివర్సిటీ పెట్టిన మహిళకు 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. ఆ గోలలో ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న ఒకటి ఉంది. విద్యార్థి వీసాకు ఆధారమైన ఐ-20 పత్రం ఇచ్చే అధికారం ఆ సంస్థకు ఎవరిచ్చారు? ఆ దాడి చేసిన ప్రభుత్వమే.

అమెరికన్ టెక్నాలజీ ఉద్యోగుల సంఘం ఒకటి, వాష్‌టెక్, 2014లో కోర్టుకెక్కింది. వాళ్ల వాదనను తెలుగు పాఠకులు విద్వేషం కింద కొట్టిపారేస్తారు గానీ అందులో పస లేకపోలేదు. విద్యార్థి హోదాలో ఉన్నంత కాలం, మామూలుగా అయిదు క్యాలెండరు సంవత్సరాల దాకా, ఓపీటీ కుర్రాడికీ యజమానికీ సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు ఉండవు. ఇద్దరికీ చెరో 7.65 శాతం మిగులు. అదే జీతానికి అమెరికన్‌ను పెట్టుకుంటే యజమాని ఆ పన్ను కట్టాలి. 2015 ఆగస్టు 12న జడ్జి ఎలెన్ సీగల్ హ్యువెల్ 2008 నిబంధనను కొట్టేశారు. కారణం పద్ధతి. ప్రజాభిప్రాయం అడగకుండా అత్యవసరం పేరుతో తెచ్చారు, అంత అత్యవసరమేమీ లేదు అని. వెంటనే అమలు చేస్తే వేలమంది రోడ్డున పడతారని గడువిచ్చారు. ఒబామా ప్రభుత్వం ఈసారి పద్ధతిగా ముసాయిదా పెట్టింది, 50 వేలకు పైగా వ్యాఖ్యలు వచ్చాయి. 2016 మార్చిలో ప్రచురించి మే 10 నుంచి అమలు చేసిన కొత్త నిబంధన పొడిగింపును 17 నెలల నుంచి 24కు పెంచింది. కేసు వేసినవాళ్లు గెలిచి, ఏడు నెలలు అదనంగా ఇప్పించి వెళ్లారు.

ఆ నిబంధనతోనే ఐ-983 అనే ఫారం వచ్చింది. ఈ కథ మొత్తం ఆ కాగితంలో ఉంది. విద్యార్థి ఏమి నేర్చుకుంటాడు, ఏ లక్ష్యాలు, యజమాని ఎలా పర్యవేక్షిస్తాడు, పురోగతిని ఎలా కొలుస్తాడు, జీతమెంత, అన్నీ గళ్లవారీగా రాసి ఇద్దరూ సంతకం చేయాలి. ఏడాదికోసారి విద్యార్థే తన పనిని సమీక్షించుకుని రాయాలి. 1947 నాటి ఊహ, అంటే నేర్చుకుని ఇంటికి వెళ్లే విద్యార్థి, ఆ గళ్లలో ఇంకా బతికే ఉన్నాడు. లక్షా ఇరవై వేల డాలర్ల జీతంతో ఏదో బ్యాంకు సాఫ్ట్‌వేరు రాస్తున్న ఇంజనీరు, తనకు తాను శిక్షణార్థినని ఏటా వాంగ్మూలం ఇస్తాడు. క్లయింటు ఆఫీసులో కూర్చునే కన్సల్టెన్సీ కుర్రాడికి శిక్షణ ఇస్తున్నట్టు ఎవరు సంతకం పెట్టాలి? 2018లో అధికారులు వెబ్‌సైట్‌లో ఒక వాక్యం మార్చి, మూడో పార్టీ చోట స్టెమ్ ఓపీటీ కుదరదన్నారు. కొన్ని నెలలకు ఆ వాక్యాన్ని మళ్లీ సవరించారు. ఆ కొన్ని నెలలు డాలస్ గెస్ట్‌హౌస్‌లలో ఎవరికీ నిద్ర లేదు.

2019 జనవరి నాటి ఫార్మింగ్టన్ వ్యవహారం ట్రై-వ్యాలీకి తలకిందుల రూపం. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ అని ఒకటి పెట్టారు. దానికి క్లాసులు లేవు, పాఠాలు లేవు, ఆచార్యులు లేరు. పెట్టింది ప్రభుత్వమే, నడిపింది మారువేషంలో ఉన్న ఐస్ (వలస చట్టాల అమలు శాఖ) ఏజెంట్లు. దాదాపు 600 మంది చేరారు, ఫీజులు కట్టారు. 130 మందిని అరెస్టు చేస్తే ఒక్కరు తప్ప అందరూ భారతీయులు, వాళ్లలో మనవాళ్లే ఎక్కువ. పిల్లల్ని చేర్పించిన ఎనిమిది మంది ఏజెంట్ల మీద కేసులు పెట్టారు, వాళ్లూ మనవాళ్లే. పాఠాలు లేవని చేరినవాళ్లకు తెలియదా? చాలామందికి తెలిసే ఉంటుంది. లాటరీలో పేరు రాక, ఓపీటీ అయిపోయి, అప్పు తీరక, దేశంలో నిలబడే ఇంకో కాగితం కోసం చేరారు. తప్పే. కానీ ఆ కక్కుర్తిని కనిపెట్టి, దానికి సరిపోయే దుకాణం తెరిచి, ఫీజు వసూలు చేసుకుని, చివర్లో సంకెళ్లు వేసే ప్రభుత్వాన్ని ఏమనాలి? ఫీజు డబ్బు తిరిగివ్వమని ఒక విద్యార్థి వేసిన కేసును కింది కోర్టు కొట్టేస్తే, 2024లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు నడవనివ్వమంది.

కోవిడ్ ఏడాది సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 2020 జూలై 6న, ఆన్‌లైన్ క్లాసులు మాత్రమే ఉన్నవాళ్లు దేశం వదలాలన్నారు. హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెళ్లాయి. జూలై 14న వెనక్కి తగ్గారు. యూనివర్సిటీలకు విదేశీ విద్యార్థి ఎంత అవసరమో ఆ ఎనిమిది రోజుల్లో తెలిసినంతగా మరెప్పుడూ తెలియలేదు.

ఆ తర్వాత వచ్చింది వెల్లువ. 2022 జనవరిలో 22 కొత్త సబ్జెక్టులను స్టెమ్ జాబితాలో చేర్చారు, మరుసటి ఏడు ఇంకో ఎనిమిది. అంతకు కొన్నేళ్ల ముందే అర్థశాస్త్ర విభాగాలు రాత్రికి రాత్రి తమ కోర్సును ఎకనోమెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోడ్ కిందికి మార్చుకున్నాయి. పాఠం అదే, పంతులు అతనే, విద్యార్థికి మాత్రం రెండేళ్లు అదనం. తప్పుడు పనులు చేసేది అమీర్‌పేటవాళ్లే అనుకునేవాళ్లు ఈ పెద్దింటి తెలివిని కూడా గమనించాలి. 2016 నిబంధన మీద వాష్‌టెక్ వేసిన రెండో కేసులో 2022 అక్టోబరు 4న వాషింగ్టన్ డీసీ అప్పీలు కోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపుగా ఓపీటీని సమర్థించింది. 1947 నుంచి నడుస్తున్న ఏర్పాటు, కాంగ్రెస్‌కు తెలుసు, వద్దనలేదు అన్నది ఆ తీర్పులో ముఖ్యమైన ఆధారం. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ అప్పీలు తీసుకోనంది. అదే ఏడాది మార్చిలో నానక్‌రామ్‌గూడలో కొత్త కాన్సులేట్ భవనం మొదలైంది. ఆ వసంతంలో హెచ్-1బీ లాటరీకి 7,80,884 రిజిస్ట్రేషన్లు వచ్చాయి, ఒకే మనిషి పేరిట నాలుగైదు కంపెనీలు వేసినవి కలుపుకొని. 2023-24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602. పదిహేనేళ్లలో మొదటిసారి చైనాను దాటాం. అందులో ఓపీటీవాళ్లు 97,556. హెచ్-1బీ దొరికినవాడికి కూడా గ్రీన్‌కార్డు క్యూ పదేళ్లకు పైనే, ఏ దేశానికీ ఏడు శాతం మించకూడదన్న లెక్క వల్ల. ఇల్లు కొంటారు, పిల్లలు పుట్టి అమెరికన్లవుతారు, తల్లిదండ్రులు మాత్రం స్టాంపింగ్‌కు వెళ్తే తిరిగి వస్తామో లేదో అని వణుకుతారు.

అమెరికా ఒక్కటే ఇలా అనుకోవద్దు. బ్రిటన్ 2012 ఏప్రిల్‌లో చదువయ్యాక రెండేళ్లు పనిచేసుకునే వీసాను ఎత్తేసింది. అక్కడ చదివే భారతీయ విద్యార్థులు 2010-11లో 39,090 మంది ఉంటే రెండేళ్లలో 22,385కు దిగారు. 2021 జూలైలో గ్రాడ్యుయేట్ రూట్ పేరిట తిరిగి తెచ్చారు, ఇప్పుడు 2027 నుంచి దాన్ని 18 నెలలకు కుదిస్తున్నారు. కెనడా 2008లో, ఉద్యోగం చేతిలో లేకపోయినా మూడేళ్ల దాకా ఎక్కడైనా పనిచేసుకునే పర్మిట్ ఇచ్చి పిలిచింది. 2024 నుంచి పరిమితులు పెట్టి గేటు మూసుకుంటోంది. పిల్లలు చదువును చూసి వస్తారా, పనిని చూసి వస్తారా అన్న అనుమానం ఎవరికైనా ఉంటే బ్రిటన్ అంకెలు చాలు.

2025 ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల సెవిస్ రికార్డులు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి, ఓపీటీలో ఉన్నవాళ్లవి సహా. పోలీసు రికార్డుల్లో పేరు కనిపిస్తే చాలన్నట్టు, వేగంగా బండి నడిపిన పాత కేసులున్నవాళ్లవి కూడా పోయాయి. జడ్జిలు వరసగా స్టే ఇస్తుంటే ఏప్రిల్ 25న పునరుద్ధరిస్తామన్నారు. పెట్రోల్ బంకుల్లో, రెస్టారెంట్లలో చేతికి డబ్బు తీసుకుని పనిచేస్తున్న పిల్లలు చాలామంది ఆ ఏడాది ఆ పనులు మానేశారు. మేలో, పౌరసత్వ వలస సేవల శాఖ అధిపతిగా నామినేట్ అయిన జోసెఫ్ ఎడ్లో సెనేట్ విచారణలో, చదువు ముగిశాక ఎఫ్-1 విద్యార్థులకు పని అనుమతి తీసేయాలన్నది తన ఉద్దేశమని దాపరికం లేకుండా చెప్పారు. ఆయన ఆ పదవిలోకి వచ్చారు. ప్రాక్టికల్ ట్రైనింగ్ నిబంధనల సవరణ ఆ ఏడాది ప్రభుత్వ ఎజెండాలోకి చేరింది.

ఇంతలో సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్టోబరులో ఇచ్చిన వివరణలో, అమెరికాలోనే ఉండి హోదా మార్చుకునేవాళ్లకు అది వర్తించదన్నారు. అంటే హైదరాబాద్ నుంచి తెచ్చుకునే ఇంజనీరుకు లక్ష డాలర్లు, పక్క ఊళ్లో ఓపీటీ మీద ఉన్న కుర్రాడికి సున్నా. ఓపీటీ విలువ దాని చరిత్రలో ఎన్నడూ లేనంత పెరిగింది, దాన్ని ఎత్తేస్తామన్నవాళ్ల చేతుల మీదుగానే. డిసెంబరులో మరో నిబంధన ఖరారు చేసి 2026 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో పెట్టారు. లాటరీలో పై స్థాయి జీతగాడి పేరు నాలుగుసార్లు వేస్తారు, అట్టడుగు స్థాయివాడిది ఒక్కసారే. ఓపీటీ నుంచి వచ్చే కొత్త పట్టభద్రుల్లో చాలామంది ఆ అట్టడుగు స్థాయిలోనో, దాని పై మెట్టు మీదో ఉంటారు.

2024 జూన్‌లో సుప్రీంకోర్టు, చట్టం అస్పష్టంగా ఉన్నచోట శాఖ చెప్పిన అర్థానికే కోర్టులు తలొగ్గాలన్న నలభై ఏళ్ల షెవ్రాన్ సూత్రాన్ని పక్కన పెట్టేసింది. ఓపీటీ మీద పాత వాదనను కొత్తగా వినిపించడానికి అది కూడా ఒక సందు. ప్రభుత్వమే సవరిస్తే ముసాయిదా, వ్యాఖ్యలకు గడువు, తుది నిబంధన, దాని మీద కేసులు. 2015-16లో కోర్టు తీర్పు నుంచి కొత్త నిబంధన అమలు దాకానే తొమ్మిది నెలలు పట్టింది. ఓపీటీకి దరఖాస్తు పెట్టేది కోర్సు ముగియడానికి మూడు నెలల ముందు నుంచే. 2026 ఆగస్టులో రెండేళ్ల ఎమ్మెస్‌లో చేరే పిల్లవాడు ఆ ఫారం నింపేది 2028 వసంతంలో. ఆ రోజు ఏ నిబంధన అమల్లో ఉంటే అదే అతనికి వర్తిస్తుంది, ఇవాళ కన్సల్టెన్సీ బ్రోషరు మీద అచ్చయినది కాదు.